పాతికేళ్ల తర్వాత ఊడిన పదవి

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు నేను రెండు వందల ఏళ్ల కిందటి ఐర్లండ్ గురించి మాట్లాడబోతున్నాను. అప్పట్లో అక్కడి ప్రభుత్వం పదవులు ఎవరికి ఇచ్చింది, ఎందుకు ఇచ్చింది, పదవిలో కూర్చున్నవాళ్లు తప్పు చేస్తే ఏం చేసింది అన్నదే విషయం. ఆ చరిత్ర చదివే కొద్దీ నాకు బలంగా అనిపించినది ముందే చెప్పేస్తాను. ఆ రోజుల్లో అధికారి చేసిన తప్పు ప్రభుత్వ పెద్దలకు తగిలితే చర్య వెంటనే వచ్చేది. అదే తప్పు కోర్టు గుమ్మం దగ్గర నిలబడ్డ మామూలు మనిషికి తగిలితే, ఏళ్లూ పూళ్లూ పట్టేది.

కథ 1799 జనవరిలో మొదలవుతుంది. అప్పటికి డబ్లిన్‌లో ఐర్లండ్‌కు సొంత పార్లమెంటు ఉంది. దాన్ని రద్దుచేసి, ఐర్లండ్‌ను బ్రిటన్‌లో కలిపేయాలని లండన్ నిర్ణయించింది. తొలి ప్రయత్నంలో దిగువ సభ ఐదు ఓట్ల తేడాతో ప్రభుత్వాన్ని ఓడించింది. ఏడాది గడిచింది. 1800 ఫిబ్రవరిలో అదే సభలో ప్రభుత్వానికి 158 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 115. ఈ ఏడాదిలో ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న.

ఆ సభలో 300 మంది సభ్యులు. వాళ్లలో చాలామంది చిన్న చిన్న పట్టణాల తరఫున వచ్చినవాళ్లు. అలాంటి ఊళ్లలో ఓటున్నవాళ్లు పదీ పన్నెండు మందే ఉండేవారు, వాళ్లంతా ఏదో ఒక జమీందారు మనుషులే. అంటే ఆ సీటు ఆ జమీందారు ఇంటి ఆస్తి. పార్లమెంటు రద్దయితే ఆస్తి పోయినట్టే కాబట్టి నష్టపరిహారం ఇస్తామన్నారు. ఒక్కో నియోజకవర్గానికి 15,000 పౌండ్ల చొప్పున 84 నియోజకవర్గాలకు 12,60,000 పౌండ్లు చట్టప్రకారమే చెల్లించారు. లార్డ్ ఈలీకి 45,000 వచ్చాయి. డౌన్‌షైర్ మార్క్విస్‌కు 52,500 వచ్చాయి. ఈ డౌన్‌షైర్ విలీనాన్ని గట్టిగా వ్యతిరేకించిన మనిషి. అందుకు ప్రభుత్వం ఆయన పదవులన్నీ ఊడబెరికింది. కానీ సీట్ల తాలూకు డబ్బు మాత్రం అణా పైసలతో ముట్టజెప్పింది. ప్రజల ప్రాతినిధ్యాన్ని అప్పటి చట్టమే సొంత ఆస్తిగా చూసిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇది బహిరంగంగా జరిగిన లావాదేవీ. దీని వెనక ఇంకొకటి నడిచింది. లండన్ రహస్య నిధి నుంచి ముప్పై వేల పౌండ్లకు పైగా సొమ్ము చట్టవిరుద్ధంగా డబ్లిన్‌కు చేరింది. ఆ కాగితాలు చరిత్రకారుల చేతికి వచ్చింది 1990లలోనే. డబ్బుతో లొంగనివాళ్లకు బిరుదులు, జడ్జి పదవులు, బిషప్ పదవులు, పెన్షన్లు ఇస్తామని మాటలిచ్చారు. ఆ మాటలిచ్చిన పెద్దమనిషి మనకు తెలిసినవాడే. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు విధానం పెట్టిన కారన్‌వాలిస్ ఆయన. అప్పుడు ఐర్లండ్‌లో రాజప్రతినిధి, అక్కడి మాటలో లార్డ్ లెఫ్టినెంట్. పదేళ్ల తర్వాత మన ఉత్తర సర్కారు జిల్లాల్లోకి వచ్చిన జమీందారీ పద్ధతికి మూలం ఈయన చేసిన ఏర్పాటే. ఐర్లండ్‌లో తాను చేస్తున్న పని మీద ఆయనకు ఎంత రోత పుట్టిందంటే, 1799 జూన్‌లో జనరల్ రాస్ అనే మిత్రుడికి ఉత్తరం రాస్తూ, ఆకాశం కింద ఇంతకన్నా అవినీతిపరులు ఉండరనీ, వీళ్లతో బేరాలాడుతున్నందుకు గంటగంటకూ తనను తానే అసహ్యించుకుంటున్నాననీ వాపోయాడు. అయినా సామ్రాజ్యం నిలవాలంటే తప్పదని ఆ పని పూర్తి చేశాడు.

1801 జనవరి 1న ఐర్లండ్ విలీనమైంది. డబ్లిన్ పార్లమెంటు భవనాన్ని 1803లో 40,000 పౌండ్లకు బ్యాంకు ఆఫ్ ఐర్లండ్‌కు అమ్మేశారు. కొత్త రాజప్రతినిధి హార్డ్‌విక్ వచ్చేసరికి ఆయన బల్ల మీద ఒక జాబితా సిద్ధంగా ఉంది. విలీనానికి ఓటేసినందుకు ఎవరెవరికి ఏమేం ఇస్తామన్నారో ఆ జాబితాలో రాసుంది. ఆయన పాలించిన ఐదేళ్లలో ఎంతో కాలం ఆ బాకీ తీర్చడానికే సరిపోయింది. ఒక ఉద్యోగం ఖాళీ అయితే, ఆ పనికి ఎవరు తగినవాళ్లు అన్న ప్రశ్న రాకముందే జాబితాలో తర్వాత పేరు ఎవరిది అన్న ప్రశ్న వచ్చేది. పైగా ఆ జాబితాలోకి ఎక్కే అర్హత కూడా కొద్దిమందికే ఉండేది. దేశంలో అత్యధికులు కాథలిక్కులు. 1793 చట్టం వాళ్లకు ఓటు హక్కు ఇచ్చింది గానీ, పార్లమెంటులో కూర్చోడానికి, జడ్జిలు కావడానికి ఒప్పుకోలేదు. కాబట్టి పెద్ద పదవుల పందేరం కొన్ని ప్రొటెస్టెంటు కుటుంబాల మధ్యే సాగింది.

ఇక తప్పులు, శిక్షల సంగతికి వస్తాను. రాబర్ట్ జాన్సన్ అనే లాయరు విలీనానికి ఓటేశాడు, 1801లో జడ్జి అయ్యాడు. రెండేళ్లు గడిచాక, 1803లో ఆయన జువెర్నా అనే మారుపేరుతో లండన్ పత్రికకు ఉత్తరాలు రాశాడు. వాటిలో డబ్లిన్ ప్రభుత్వాన్ని దులిపేశాడు. రాజప్రతినిధి హార్డ్‌విక్ కేంబ్రిడ్జ్‌షైర్‌లో గొర్రెలు బాగా మేపగలడని రాశాడు. పత్రిక నడిపిన విలియం కాబెట్‌ను 1804లో దోషిగా తేల్చారు. చేతిరాతను బట్టి రాసింది ఎవరో పట్టుకున్నారు. అయితే పత్రిక అచ్చయింది లండన్‌లో, మనిషి ఉన్నది డబ్లిన్‌లో. ఇటు నుంచి అటు నిందితుణ్ని తీసుకెళ్లడానికి 1804లో వచ్చిన కొత్త చట్టాన్ని ఆయన మీద వాడారు. 1805 మొదట్లో అరెస్టు, అదే ఏడాది నవంబరులో లండన్‌లో విచారణ, దోషి అన్న తీర్పు. ఉత్తరాలు అచ్చయిన రెండేళ్లకల్లా అంతా అయిపోయింది. తర్వాత మంత్రివర్గం మారి కేసు ఉపసంహరించుకున్నారు, ఆయన పెన్షన్ తీసుకుని తప్పుకున్నాడు.

జాన్సన్‌ను దోషిగా తేల్చిన ఆ 1805లోనే డబ్లిన్‌లో మరో జడ్జి కోర్టు డబ్బుకు చెయ్యి చాచాడు. ఆయన పేరు జోనా బారింగ్టన్. సముద్ర వ్యవహారాలు చూసే అడ్మిరల్టీ కోర్టుకు జడ్జి. ఈ కోర్టు ఎలా పనిచేసేదో కాస్త వివరంగా చెప్పాలి, లేకపోతే ఆ తప్పు బరువు తెలియదు.

తుపానులో చిక్కుకుని, సిబ్బంది వదిలేసిన ఓడ ఒకటి తీరానికి కొట్టుకొస్తుంది అనుకుందాం. అక్కడి బెస్తవాళ్లో, మరో పడవలోని నావికులో ప్రాణాలకు తెగించి దాన్ని ఒడ్డుకు చేరుస్తారు. చట్టప్రకారం వాళ్లకు ప్రతిఫలం రావాలి. మిగిలింది ఓడ యజమానికి, సరుకు యజమానికి చెందాలి. ఎవరి వాటా ఎంతో తేల్చేది ఈ కోర్టు. తేలేదాకా సరుకు చెడిపోతుంది కాబట్టి అమ్మించి, వచ్చిన డబ్బు కోర్టులో జమ చేయిస్తారు. ఆ సొమ్ములో ఒక్క పైసా జడ్జిది కాదు. నాన్సీ అనే ఓడ విషయంలో ఇలా జమపడ్డ డబ్బులో కొన్ని వందల పౌండ్లు 1805లోనూ, 1806లోనూ బారింగ్టన్ సొంతానికి వాడుకున్నాడు. 1810లో రెడ్‌స్ట్రాండ్ అనే ఓడ డబ్బుతో మళ్లీ అదే చేశాడు. కోర్టు గుమస్తాకు జడ్జే ఆదేశం ఇస్తే గుమస్తా కాదనేదెలా? కంచే చేను మేయడం అంటే ఇదే. ఒడ్డున చలిలో తాడు పట్టి లాగినవాళ్ల కూలి డబ్బు అది. దీన్ని నేను ఎన్నిసార్లు తలుచుకున్నా కోపం ఆగదు.

మధ్యలో, 1807లో, బారింగ్టన్‌కు సర్ బిరుదు కూడా దక్కింది. 1815 ప్రాంతంలో అప్పులవాళ్ల బాధ పడలేక ఆయన ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. కోర్టులో ఆయన బదులు వేరేవాళ్లు కూర్చునేవారు. జీతం మాత్రం ఆయనకు అందుతూనే ఉంది.

ఎందుకు తీసెయ్యలేదు అంటే, దానికో చట్టపరమైన కారణం ఉంది. అప్పటి పదవులు రెండు రకాలు. కొన్ని రాజుగారి ఇష్టం ఉన్నంతకాలం ఉండేవి. కొన్ని సత్ప్రవర్తన ఉన్నంతకాలం ఉండేవి. డబ్లిన్ రేవులో ఓడల లెక్కలు నమోదు చేసే ఒక కొలువు బారింగ్టన్‌కు ఉండేది, పని లేకుండా ఏటా వెయ్యి పౌండ్లు వచ్చేవి. అది మొదటి రకం. అందుకే ఆయన విలీనాన్ని వ్యతిరేకించగానే అది ఊడిపోయింది. జడ్జి పదవి మాత్రం రెండో రకం. 1782 నాటి ఐరిష్ చట్టం ప్రకారం జడ్జిని తీసెయ్యాలంటే పార్లమెంటు ఉభయ సభలూ రాజుగారికి విన్నపం చెయ్యాలి. న్యాయమూర్తులను పాలకుల కక్ష నుంచి కాపాడే మంచి చట్టమే ఇది. అదే చట్టం ఒక దొంగకూ కవచం అయ్యింది, ఎందుకంటే అంత కష్టపడి కదిలించాలని ఎవరికీ పట్టలేదు.

చివరికి కదిలించింది ఒక విచారణ సంఘం. ఐర్లండ్ కోర్టుల్లో ఉద్యోగుల విధులు, జీతాలు, ఫీజులు ఏమిటో తేల్చడానికి దాన్ని వేశారు. 1817 నుంచి ఒక్కో కోర్టునూ పట్టుకుని వరుసగా నివేదికలు ఇస్తూ వచ్చింది. ఉద్యోగులను పిలిచి ప్రమాణం చేయించి, ఏ కాగితానికి ఎంత తీసుకుంటున్నారు, ఏ చట్టం ప్రకారం తీసుకుంటున్నారు అని అడిగింది. ఇలాంటి పని చేసినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. నా దృష్టిలో ఆ కాలపు ఐర్లండ్‌కు ఉపన్యాసాల కన్నా ఎక్కువ మేలు చేసింది ఈ లెక్కలే. పద్దెనిమిదో నివేదికలో అడ్మిరల్టీ కోర్టు వంతు వచ్చింది, ఓడల డబ్బు సంగతి బయటపడింది. 1830లో లండన్ పార్లమెంటు ఉభయ సభలూ విన్నపం చేశాయి, బారింగ్టన్ పదవి పోయింది. మొదటి నేరానికీ దానికీ మధ్య పాతికేళ్లు. అప్పటి ప్రధాని వెల్లింగ్టన్, అంటే శ్రీరంగపట్నం యుద్ధంలో పాల్గొన్న ఆర్థర్ వెల్లెస్లీ. 1807 నుంచి రెండేళ్లు డబ్లిన్‌లో చీఫ్ సెక్రటరీగా పదవుల పంపకం చూసినవాడు కూడా ఆయనే. ఉభయ సభల విన్నపంతో పదవి పోగొట్టుకున్న జడ్జి బ్రిటన్, ఐర్లండ్ చరిత్రలో బారింగ్టన్ ఒక్కడే.

అదే సంఘం మరో పెద్ద కోర్టులో కూడా చెయ్యి పెట్టింది. అది ఎక్స్‌చెకర్ కోర్టు. అక్కడ క్లర్క్ ఆఫ్ ద ప్లీస్ అనే కొలువు ఉండేది. పేరుకు గుమస్తా పని, రాబడి చూస్తే ఏటా వేల పౌండ్లు. జీతంగా కాదు, దావా వేసిన ప్రతి మనిషీ ప్రతి కాగితానికీ కట్టే ఫీజులుగా వచ్చేది. 1816 దాకా ఆ కొలువు బకింగ్‌హామ్‌షైర్ ప్రభువుది. ఈయన మొదటి పేరు రాబర్ట్ హోబార్ట్. 1794 నుంచి 1798 దాకా మద్రాసు గవర్నరు, అంటే గుంటూరు నుంచి గంజాం దాకా మన కోస్తా ఆయన పాలన కిందే ఉండేది. చనిపోయేనాటికి లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి. డబ్లిన్‌లో కాగితాలు రాసింది వేరేవాళ్లు, సొమ్ము చేరింది ఆయనకు.

1816 ఫిబ్రవరిలో ఆయన గుర్రం మీంచి పడి చనిపోయాడు. వెంటనే ఆ కోర్టు ప్రధాన న్యాయమూర్తి స్టాండిష్ ఓగ్రేడీ, ఈ కొలువు ఇచ్చే హక్కు తనదేనంటూ కొడుకును అందులో కూర్చోబెట్టాడు. ప్రభుత్వం కోర్టుకెక్కి ఆ హక్కు రాజుదేనని తేల్పించుకుంది. గమనించండి, ప్రభుత్వం హక్కు పోతుందన్నప్పుడు ఆలస్యం జరగలేదు. అసలు అంత రాబడి ఉన్న కొలువు ఎందుకు అన్న ప్రశ్న ఆ కేసులో రానేలేదు. విచారణ సంఘం 1821లో ఇచ్చిన తొమ్మిదో నివేదికలో అంతకన్నా గట్టి మాట ఉంది. ఓగ్రేడీ తన ఫీజులను చట్టం అనుమతి లేకుండా పెంచుకున్నాడని అందులో తేల్చారు. ఎక్స్‌చెకర్ కోర్టుకు ఎలాంటివాళ్లు వచ్చేవారో గుర్తుచేసుకోవాలి. తాను వెళ్లని చర్చికి పంటలో పదో వంతు కట్టాల్సిన కాథలిక్కు రైతు, ఆ బాకీ మీద దావా పడితే వెళ్లాల్సి వచ్చిన కోర్టుల్లో అదీ ఒకటి. లండన్ సభలో రెండేళ్లపాటు చర్చ నడిచింది. 1823లో విషయాన్ని వదిలేశారు. ఓగ్రేడీ పదవిలోనే ఉన్నాడు. 1831లో రిటైరైనప్పుడు ఆయనకు వైకౌంట్ గిలమోర్ అనే బిరుదు ఇచ్చారు.

ఈ లోగా, 1829లో, కాథలిక్కులకు పార్లమెంటు తలుపులు, పెద్ద పదవుల తలుపులు తెరుస్తూ చట్టం వచ్చింది. దాని వెనక డేనియల్ ఒకానెల్ నడిపిన పెద్ద ఉద్యమం ఉంది. పేదవాళ్ల దగ్గర నెలకో పెన్నీ చొప్పున చందా వసూలు చేసి నడిపిన ఉద్యమం అది. ఆయన స్వయంగా ఐర్లండ్‌లోనే పేరు మోసిన లాయరు అయినా, కాథలిక్కు కాబట్టి అప్పటిదాకా సీనియర్ లాయరు హోదా కూడా ఇవ్వలేదు. చట్టం వచ్చిన ఏడేళ్లకు, 1836లో, మైఖేల్ ఓలోఖ్లెన్ అనే కాథలిక్కును జడ్జిగా నియమించారు. దాదాపు నూట యాభై ఏళ్లలో మొదటివాడు ఆయన. ఆయనకు సీటిచ్చింది ఎక్స్‌చెకర్ కోర్టులోనే.

సెలవు. నమస్కారం.