హోటల్ కారిడార్‌లో రికార్డయిన హార్డ్ రాక్: డీప్ పర్పుల్ ‘మెషీన్ హెడ్’ ఎలా తయారైంది?

[స్క్రీన్: గిటార్ మెడ దగ్గరి షాట్. రిఫ్ ఒక్కసారి వినిపించాలి, ఇంకే శబ్దం వద్దు.]

వాయిస్: గిటార్ చేతికొచ్చిన మొదటి వారంలోనే చాలామంది వాయించేసే రిఫ్ ఇది, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్క. మన స్వరాల్లో చెప్పాలంటే స గ మ, స గ మ మ, స గ మ గ స. గాంధారం సాధారణ గాంధారం. రెండో విడతలో మాత్రం ముందు ప్రతి మధ్యమం తగిలి, వెంటనే శుద్ధ మధ్యమానికి దిగుతుంది. మొత్తం నాలుగు స్వరస్థానాలు, అంతే.

పాట ‘స్మోక్ ఆన్ ద వాటర్’. ఆల్బమ్ ‘మెషీన్ హెడ్’, 1972 మార్చిలో వచ్చింది. వీణకు బిరడాలుంటాయి కదా, గిటార్‌కు ఆ పని చేసే మరలను మెషీన్ హెడ్స్ అంటారు. పేరు అక్కణ్ణించే వచ్చింది. బ్యాండ్ బ్రిటన్‌కు చెందిన డీప్ పర్పుల్. అందులో ఐదుగురు: గిటార్ రిచీ బ్లాక్‌మోర్, గాత్రం ఇయాన్ గిల్లన్, బేస్ రోజర్ గ్లోవర్, ఆర్గన్ జాన్ లార్డ్, డ్రమ్స్ ఇయాన్ పేస్. రికార్డింగ్ ఇంజనీర్ మార్టిన్ బర్చ్.

అంతకు ముందు ఆల్బమ్ ‘ఫైర్‌బాల్’ను టూర్ల మధ్య దొరికిన ఖాళీల్లో ముక్కలు ముక్కలుగా చేశారు. ఈసారి స్టేజి మీద వినిపించే ఊపు టేపులోకి రావాలనుకున్నారు. అందుకే స్టూడియో వద్దనుకుని, స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మోంత్రో ఊరి కాసినో హాలును మాట్లాడుకున్నారు. చలికాలానికి కాసినో మూసేస్తారు, హాలంతా వీళ్లదే. రికార్డింగ్ యంత్రాల కోసం రోలింగ్ స్టోన్స్ అనే ఇంకో రాక్ బ్యాండ్ వాళ్ల మొబైల్ స్టూడియోను అద్దెకు తెచ్చుకున్నారు. అదొక లారీ. లోపల శబ్దాలను సరిచూసి కలిపే హీలియోస్ కన్సోల్, 16 ట్రాకుల టేప్ మెషీన్. లారీ బయట ఆగుతుంది, కేబుళ్లు లోపలికి వెళ్తాయి.

[స్క్రీన్: మోంత్రో మ్యాప్. కాసినో దగ్గర ఎర్ర చుక్క. తేదీ: 1971 డిసెంబర్ 4.]

వాయిస్: కాసినో మూతపడే ముందు ఒక్క కచేరీ మిగిలింది, అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పాది. అది నడుస్తుండగా జనంలో ఎవరో పైకప్పు వైపు ఫ్లేర్ గన్ పేల్చారు. కప్పుకు నిప్పంటుకుని కాసినో మొత్తం కాలిపోయింది. ప్రాణనష్టం జరగలేదు. మోంత్రో జాజ్ ఫెస్టివల్ నిర్వాహకుడు క్లోద్ నోబ్స్ లోపల చిక్కుకున్న పిల్లల్ని బయటికి తెచ్చాడు. పాటలో ఆయన ప్రస్తావన కూడా ఉంది. సరస్సు మీద పరుచుకున్న పొగను బ్యాండ్ వాళ్లు తమ హోటల్ నుంచి చూశారు. లారీ ఉంది, పాటలున్నాయి, వాయించడానికి చోటు లేదు.

నోబ్స్ వాళ్లకు పెవిలియన్ అనే థియేటర్ చూపించాడు. రాత్రిపూట ఫుల్ వాల్యూమ్‌తో మొదలెట్టారు. చుట్టుపక్కల వాళ్లు నిద్రలేచారు, పోలీసులొచ్చారు. బ్యాండ్ సిబ్బంది తలుపులు లోపలి నుంచి అదిమిపట్టుకున్నారు, ఆలోపు టేక్ పూర్తయింది. ఆ థియేటర్‌లో చేతికొచ్చింది ఆ ఒక్క బ్యాకింగ్ ట్రాకే, అంటే గాత్రం లేకుండా వాయిద్యాల వరకే. దానికి మాటల్లేవు, పేరు కూడా లేదు. టేపు పక్కన పెట్టేశారు. దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

[స్క్రీన్: పొడవాటి ఖాళీ కారిడార్ బొమ్మ. గోడల వెంబడి పరుపులు ఒక్కొక్కటిగా వచ్చి నిలబడాలి.]

వాయిస్: చివరికి దొరికింది చలికాలానికి మూసేసిన టెరిటే గ్రాండ్ హోటల్. గదుల మధ్య కారిడార్‌లోనే సామాను దించారు. సౌండ్ గురించి తెలిసినవాళ్లెవరైనా దీన్ని చూసి తల పట్టుకుంటారు. కారణం తెలియాలంటే ఖాళీ కారిడార్‌లో నిలబడి ఒక్కసారి చప్పట్టు కొట్టండి. ఎదురెదురు గోడల మధ్య శబ్దం టకటకమని తిరుగుతూనే ఉంటుంది. డ్రమ్స్‌లో స్నేర్ దెబ్బ పడినప్పుడల్లా ఇదే జరిగితే టేపులో మిగిలేది గోల.

హోటల్ కాబట్టి పరుపులకు కొదవలేదు. వాటిని నిలబెట్టి దడి కట్టారు. అయితే పరుపులు మింగేది పై స్థాయి శబ్దాలనే. 100 హెర్ట్జ్ బేస్ స్వరం తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. గోడకు ఆనించిన మెత్త దాన్ని గట్టిగా పట్టుకోవాలంటే అందులో నాలుగోవంతు, అంటే 85 సెంటీమీటర్ల మందం కావాలి. పరుపు మందం జానెడు కూడా ఉండదు. ఇంట్లో పరుపులు పెట్టి రికార్డింగ్ గది తయారుచేసుకునేవాళ్లకు ఎదురయ్యే చిక్కు కూడా ఇదే: గాత్రం బాగానే వస్తుంది, కిక్ డ్రమ్, బేస్ మాత్రం గుంయ్‌మంటాయి.

ఇంకో సమస్య, ఒకరి మైక్‌లోకి ఇంకొకరి వాయిద్యం జొరబడటం. దీన్ని బ్లీడ్ అంటారు. బ్లీడ్ ఉన్న టేకులో ఒకరు తప్పు వాయిస్తే ఆ ఒక్క ట్రాకే చెరిపి దిద్దుకోవడం కష్టం, ఆ తప్పు పక్క మైకుల్లోనూ ఉంటుంది. అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించాల్సిందే.

నా దృష్టిలో ఈ ఆల్బమ్ అదృష్టం ఇక్కడుంది. వాయించింది వినాలంటే లారీ దాకా వెళ్లాలి. కారిడార్ నుంచి గదుల్లోంచి, బాల్కనీల మీదుగా, మెట్లు దిగి, ఆ చలిలో బయటికి నడవాలి. కొన్ని రోజులకు వెళ్లడమే మానేశారు. టేక్ బాగా వచ్చిందని తమకు అనిపిస్తే తర్వాతి పాటకు వెళ్లిపోయారు. పదిసార్లు విని పది చోట్ల గీకే అవకాశమే లేకపోయింది. డిసెంబర్ 6 నుంచి 21 వరకు, సుమారు రెండు వారాల్లో పని ముగిసింది.

[స్క్రీన్: హమ్మండ్ ఆర్గన్ నుంచి మార్షల్ ఆంప్‌కు గీసిన బాణం.]

వాయిస్: ఇప్పుడు ఆ సౌండ్ సంగతి. హమ్మండ్ ఆర్గన్‌ను మామూలుగా లెస్లీ అనే తిరిగే స్పీకర్‌కు కలుపుతారు. శబ్దం అలలు అలలుగా వస్తుంది. జాన్ లార్డ్ తన హమ్మండ్‌ను గిటార్ వాళ్లు వాడే మార్షల్ ఆంప్‌కు (శబ్దాన్ని పెంచే పెట్టె) కలిపాడు. శబ్దం గరగరలాడుతూ దాదాపు రెండో గిటార్ అయిపోయింది. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ మొదట్లో గిటార్ ఒంటరిగా వస్తుంది. తర్వాత హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు), ఆర్గన్, ఆపైన మిగతా డ్రమ్స్, అన్నిటికన్నా చివర బేస్. ఆర్గన్ చేరగానే రిఫ్ రెట్టింపు బరువెక్కడం గమనించండి.

రిఫ్‌లో ఒకేసారి మోగేవి రెండు స్వరాలే. పై స్వరం, దానికి నాలుగో స్థానం కింద ఇంకొకటి. వాటి కంపనాల నిష్పత్తి 4:3. ఆంప్‌ను గట్టిగా పెంచి డిస్టార్షన్ (ఆ గరగర) తెప్పిస్తే ఆ రెండింటి తేడా కూడా శబ్దంగా పుడుతుంది. 4 లోంచి 3 తీస్తే 1, అంటే పై స్వరానికి సరిగ్గా రెండు స్థాయిల కింద అదే స్వరం. పై స్వరం షడ్జమమైతే కింద షడ్జమమే మోగుతుంది. అందుకే అంత నిండుగా ఉంటుంది. అదే డిస్టార్షన్‌లో మూడు నాలుగు స్వరాల కార్డ్ వాయిస్తే ఇలాంటి తేడాలు బోలెడు పుట్టి ఒకదాని మీద ఒకటి పడతాయి, అంతా బురద.

కొత్తగా నేర్చుకునేవాళ్లు తేలిగ్గా పట్టుకోవాలంటే మూడు, నాలుగు తీగల మీద ఫ్రెట్లు ఇవి: 0-3-5, 0-3-6-5, 0-3-5-3-0. సున్నా అంటే ఏ ఫ్రెట్ నొక్కని ఖాళీ తీగ. రెండు తీగలకూ అవే అంకెలు. పిక్‌తో గీస్తే ఒక తీగ ముందు, ఒకటి వెనక మోగుతుంది. బ్లాక్‌మోర్ పిక్ వాడకుండా వేళ్లతో రెండు తీగల్నీ ఒక్కసారే మీటుతాడు. చాలామంది దగ్గర స్వరాలు సరిగ్గానే ఉన్నా ఆ పదును రానిది ఇక్కడే.

ఇదే ఆల్బమ్‌లోని ‘హైవే స్టార్’ పాటలో గిటార్ సోలో దీనికి పూర్తిగా వేరు. బ్లాక్‌మోర్ దాన్ని అప్పటికప్పుడు అల్లలేదు, స్వరస్వరం ముందే కూర్చుకున్నాడు. ఆ వేగమైన భాగం కింద నడిచే కార్డుల వరస పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త బాఖ్ పద్ధతిది.

[స్క్రీన్: ఎల్పీ రికార్డు గాడుల దగ్గరి షాట్.]

వాయిస్: చివరికొచ్చేసరికి ఎల్పీకి కొన్ని నిమిషాల సంగీతం తక్కువైంది. అప్పుడు పెవిలియన్ టేపు బయటికి తీశారు. ఒక పొద్దున నిద్రలేస్తూ గ్లోవర్ నోట వచ్చిన మాట ‘స్మోక్ ఆన్ ద వాటర్’. మత్తుమందు పాట అనుకుంటారేమోనని మొదట సందేహించారు. తర్వాత కాసినో మంట నుంచి హోటల్ దాకా జరిగింది జరిగినట్టు రాసేశారు. అలా మొత్తం ఏడు పాటలు. అదే సెషన్లలో చేసిన ‘వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్’ మాత్రం ఆల్బమ్‌లోకి రాలేదు, సింగిల్ (ఒక పాట కోసం తెచ్చే చిన్న రికార్డు) వెనక వైపు వెళ్లింది. మంచి పాట, ఉండాల్సింది.

బ్రిటన్‌లో ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్లింది. కానీ సింగిల్‌గా వాళ్లు ఎంచుకున్నది ‘నెవర్ బిఫోర్’. అది 35వ స్థానంతో ఆగిపోయింది. 1972 ఆగస్టులో జపాన్ కచేరీలు రికార్డు చేసి ‘మేడ్ ఇన్ జపాన్’గా తెచ్చారు. అందులోని ఏడు పాటల్లో నాలుగు ‘మెషీన్ హెడ్’వే. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ అమెరికాలో సింగిల్‌గా వచ్చింది 1973లో, ఆల్బమ్ విడుదలైన ఏడాది తర్వాత. రేడియో కోసం ఐదున్నర నిమిషాలు దాటిన పాటను నాలుగు నిమిషాల లోపుకు కుదించారు. అది నాలుగో స్థానానికి చేరింది. ‘మెషీన్ హెడ్’ అమెరికా చార్టులో 7వ స్థానం దాకా వెళ్లి, 118 వారాలు నిలబడింది.

రేడియోలో మోగిన ఆ గిటార్, ఆ డ్రమ్స్, పోలీసులు బయట తలుపులు బాదుతుండగా పెవిలియన్‌లో తీసిన ఆ టేకువే.

[స్క్రీన్: పాట మొదలు. గిటార్, హై-హ్యాట్, ఆర్గన్, డ్రమ్స్, బేస్ చేరినప్పుడల్లా ఆ పేరు వెలగాలి. వాయిస్ లేదు.]