ఆచూకీ లేనివాళ్ళ కోసం ఒక జెండా

అందరికీ నమస్కారం.

యుద్ధాల్లో చనిపోయిన సైనికులను అమెరికా తలచుకునే ఈ మెమోరియల్ డేకి నాలుగు మాటలు మాట్లాడమని పిలిచినందుకు కృతజ్ఞతలు. అమెరికాలో మనం వెళ్ళే ప్రతి పోస్టాఫీసు ముందు జాతీయ జెండాతో పాటు ఇంకో జెండా ఎగురుతుంటుంది. నల్ల గుడ్డ, మధ్యలో తెల్లటి గుండ్రం, అందులో తల వంచుకున్న మనిషి నీడ, వెనక కాపలా బురుజు, పక్కన ముళ్ళతీగ. పిల్లలు అదేమిటని అడిగితే మనలో చాలామందిమి "సైనికులది" అని ఊరుకుంటాం. నిజానికి అది యుద్ధంలో శత్రువుకు చిక్కినవాళ్ళది, ఏమయ్యారో తెలియకుండా పోయినవాళ్ళది. దాన్ని తెచ్చింది సైన్యం కాదు, ప్రభుత్వమూ కాదు. ఒక ఇల్లాలు.

ఆమె పేరు మేరీ హాఫ్, ఉండేది ఫ్లోరిడాలో. భర్త నౌకాదళ పైలట్. వియత్నాం యుద్ధం జరుగుతుండగా, 1970 జనవరిలో, ఆ పక్కదేశం లావోస్ మీద ఆయన విమానం కూలింది. ఆయన ఆచూకీ మళ్ళీ తెలియలేదు. అలాంటి కుటుంబాలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. 1971లో ఆమె పేపర్లో ఒక వార్త చదివింది. ఐక్యరాజ్యసమితిలో కొత్తగా చేరిన చైనాకు ఆనిన్ అనే జెండాల కంపెనీ జెండా తయారు చేసిందట. అమెరికా ఇంకా గుర్తించని దేశానికి జెండా ఉన్నప్పుడు మావాళ్ళకు ఎందుకు ఉండకూడదనుకుందో ఏమో, ఆ కంపెనీకే ఫోన్ చేసింది. వాళ్ళు సరేనన్నారు.

బొమ్మ గీసే పని న్యూట్ హైస్లీ అనే ఆయన దగ్గరికి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ మీద రవాణా విమానాలు నడిపిన మనిషి. తను శత్రువుకు చిక్కితే దేశం తనను మరచిపోతుందేమో అన్న భయం ఆ రోజుల్లో ఆయనకు ఉండేదట. జెండా మీద రాసిన "మిమ్మల్ని మరచిపోలేదు" అన్న మాట ఆ భయంలోంచి వచ్చిందే. సరిగ్గా ఈ బొమ్మ గీసే రోజుల్లోనే ఆయన కొడుకు మెరీన్ శిక్షణలో కామెర్లు సోకి, చిక్కి శల్యమై ఇంటికొచ్చాడు. ఆ పిల్లవాడి ముఖమే జెండా మీది నీడ. రంగులు తర్వాత వేద్దామనుకున్నారు గానీ నలుపు తెలుపుల్లోనే ఉండిపోయింది. దానిమీద కాపీరైట్ కూడా ఎవరూ తీసుకోలేదు. ఎవరైనా కుట్టించుకోవచ్చు, ఎగరేసుకోవచ్చు. అది ఇంతగా పాకిపోవడానికి అదొక పెద్ద కారణమని నా నమ్మకం.

1972 జనవరిలో కుటుంబాల సంఘం ఈ జెండాను ఆమోదించింది. మరుసటి ఏడాది వియత్నాం నుంచి 591 మంది బందీలు ఇళ్ళకు వచ్చారు. రానివాళ్ళు, ఏమయ్యారో తెలియనివాళ్ళు ఇంకా రెండువేల ఆరువందల మందికి పైనే. సంబరాలైపోయాయి, దేశం యుద్ధాన్ని మరచిపోవాలనుకుంది. ఈ కుటుంబాలు మాత్రం మరవనివ్వలేదు. 1982లో ఆ జెండా వైట్‌హౌస్ మీద ఎగిరింది. 1990లో అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, చట్టం చేసి దాన్ని అధికారికంగా గుర్తించింది. గుర్తిస్తే సరిపోదని కొన్నేళ్ళకే తెలిసొచ్చింది. ఎగరేయాలా వద్దా అన్నది ఆఫీసర్ల ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. అందుకే 1997లో ఇంకో చట్టం వచ్చింది. ఏ ఏ భవనాల మీద, ఏడాదిలో ఏ ఆరు రోజులు ఎగరాలో పేర్లతో సహా రాశారు. పోస్టాఫీసులు అందులోవే. 2019లో ఆరు రోజులు కాస్తా, జాతీయ జెండా ఎగిరే ప్రతి రోజూ అని మారింది. ఆ బిల్లును సెనేట్‌లో తెచ్చినవాళ్ళలో డెమొక్రాట్ ఎలిజబెత్ వారెన్, రిపబ్లికన్ టామ్ కాటన్ ఉన్నారు. ఆ ఇద్దరి పార్టీలు, అభిప్రాయాలు ఉత్తరం, దక్షిణం. ఈ ఒక్కచోట కలిశారు.

ఈ జెండా మీద విమర్శ లేకపోలేదు. ఓడిన యుద్ధం గురించిన కష్టమైన ప్రశ్నల్ని పక్కన పెట్టడానికి నాయకులు దీన్ని వాడుకున్నారని అన్నవాళ్ళున్నారు. చనిపోయిన లక్షలాది వియత్నాం జనానికి ఇక్కడ జెండా ఏదీ అని అడిగినవాళ్ళున్నారు. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. నేను కాదనను. అయినా ఈ జెండా వల్ల జరిగిన ఒక పని ఉంది. ప్రభుత్వం వెతకడం ఆపలేకపోయింది. వెతకడానికే అమెరికా రక్షణశాఖలో ఒక సంస్థ ఉంది. వాళ్ళు మన అరుణాచల్ కొండలకూ వచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోస్తూ కూలిపోయిన విమానాల కోసం, 70 ఏళ్ళ తర్వాత. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి కొన్ని అవశేషాలను సైనిక గౌరవంతో తీసుకెళ్ళారు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మనవాళ్ళ సంగతి గుర్తొచ్చింది.

1971 యుద్ధంలో మనం 93 వేల మంది పాకిస్తాన్ బందీలను పట్టుకున్నాం, తర్వాత తిప్పి పంపేశాం. మనవాళ్ళు మాత్రం 54 మంది అక్కడి జైళ్ళలో ఉండిపోయారని మన ప్రభుత్వమే పార్లమెంటులో చెబుతూ వచ్చింది. తమ దగ్గర ఎవరూ లేరని పాకిస్తాన్ అంటుంది. 2007లో కొందరి బంధువులను అక్కడి జైళ్ళు చూడనిచ్చారు. వాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

అలాంటి ఇంట్లో పరిస్థితి ఒక్కసారి ఊహించండి. భార్య నుదుట బొట్టు పెట్టుకోవాలా వద్దా అన్నది చుట్టుపక్కలవాళ్ళు చర్చించే విషయమైపోతుంది. తద్దినం పెడదామంటే తిథి లేదు. పెడితే, బతికున్న మనిషికి పెట్టామేమో అన్న భయం. అమరవీరుడైతే స్తూపం మీద పేరుంటుంది, ఏడాదికోసారి దండ పడుతుంది. తిరిగొస్తే సన్మానం ఉంటుంది. ఈ రెండూ కానివాడికి మన దేశంలో ఏ రోజూ లేదు, ఏ గుర్తూ లేదు.

ఆ గుర్తు అధికారికంగా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. నల్ల జెండా అంటే మనకు నిరసన కాబట్టి ఇదే రంగు, ఇదే బొమ్మ వద్దు. ఆ కుటుంబాలు ఏది కోరితే అది. కానీ ఎక్కడ ఎగరాలో, ఏ రోజు ఎగరాలో చట్టంలో ఉండాలి. ఆ రోజున రక్షణమంత్రి, విదేశాంగమంత్రి పార్లమెంటులో నిలబడి, ఈ ఏడాది ఈ 54 మంది కోసం ఏం చేశామన్నది చెప్పాలి. ఏమీ చేయకపోతే చేయలేదనే చెప్పాలి. అది కూడా చట్టంలోనే రాయాలి. లేకపోతే జెండా ఒక్కటే మిగులుతుంది.

1971లో పాతికేళ్ళున్న భార్యకు ఇప్పుడు 80 దగ్గర పడుతోంది. తల్లిదండ్రుల తరం ఎప్పుడో దాటిపోయింది. మీలో ఊళ్ళో ఎంపీలతో పరిచయం ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారని నాకు తెలుసు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఈ ఒక్క విషయం వాళ్ళ ముందు పెట్టండి. రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబు కూడా రాతపూర్వకంగా అడగండి. ఆ ఉత్తరం రాయడానికి ఎవరికి సాయం కావాలన్నా, మీటింగ్ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను.