ట్యాప్ కొనే ముందు మీ ఇంట్లో ప్రెజర్ ఎంతో చూసుకోండి

హాయ్ అండీ. కొత్త ట్యాప్ బిగించాక నీళ్లు సన్నగా కారుతుంటే అందరూ ముందు ట్యాప్‌ని తిడతారు, ఆ తర్వాత ప్లంబర్‌ని. చాలాసార్లు తప్పు ఇద్దరిదీ కాదు. ఆ ట్యాప్‌కి కావాల్సిన ప్రెజర్ మీ పైపులో లేదు, అంతే.

పై ట్యాంకు నుంచి పంపు లేకుండా నీళ్లు వాటంతట అవే దిగే ఇళ్లలో ప్రెజర్ అంటే ఎత్తే. ట్యాంకులో నీటి మట్టం నుంచి ట్యాప్ దాకా నిలువుగా కొలవండి. 10 మీటర్లుంటే సుమారు 1 బార్ (ప్రెజర్‌ని కొలిచే యూనిట్ ఇదే), 3 మీటర్లే ఉంటే 0.3 బార్. ట్యాంకు 500 లీటర్లదైనా 5,000 లీటర్లదైనా ఈ లెక్క మారదు. ఇది చెబితే ఎవరూ ఓ పట్టాన నమ్మరు, పెద్ద ట్యాంకు పెడితే ఫోర్స్ పెరుగుతుందనే అనుకుంటారు! పై అంతస్తులో షవర్ నీరసంగా ఉండి, కింద ట్యాప్ మాత్రం మీదికి చిమ్మేది కూడా ఈ ఎత్తు వల్లే.

సరే, కొలుద్దాం. ఇదిగో, ప్రెజర్ గేజ్. ఇంట్లో ట్యాప్‌లన్నీ కట్టేసి, తోట పైపు పెట్టే ట్యాప్‌కి దీన్ని బిగించి ఆ ట్యాప్ తిప్పండి, ముల్లు ఎక్కడ ఆగిందో చూడండి. ఇప్పుడు ఇంకో ట్యాప్ పూర్తిగా తెరవండి. ముల్లు బాగా కిందికి పడిపోయిందా? అయితే ప్రెజర్ ఉంది గానీ దారిలో ఎక్కడో ఇరుకుంది. పైపు సన్నదై ఉండొచ్చు, లోపల తుప్పు పట్టి ఉండొచ్చు, ఎవరో వాల్వ్ సగమే తెరిచి వదిలేసి ఉండొచ్చు, అది సరిచేయకుండా ఎంత ఖరీదైన ట్యాప్ తెచ్చినా ధార అలాగే ఉంటుంది. గేజ్ లేకపోతే బకెట్ చాలు. 10 లీటర్ల బకెట్ నిండడానికి 1 నిమిషం పడితే నిమిషానికి 10 లీటర్లు వస్తున్నట్టు.

ఇక కొనేటప్పుడు డిజైన్ కంటే ముందు డబ్బా మీదో లోపలి కాగితంలోనో ‘మినిమమ్ ప్రెజర్’ ఎంత రాశారో వెతకండి. మీ దగ్గర 0.3 ఉంటే, 1 బార్ అడిగే మిక్సర్ ట్యాప్ (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి ఇచ్చేది) జోలికి వెళ్లకండి, ఎంత ముద్దొచ్చినా సరే. సన్నటి గొట్టంతో బయటికి లాగే స్ప్రే ట్యాప్‌లు తక్కువ ప్రెజర్‌లో మరీ ఇబ్బంది పెడతాయి. లోపల దారి వెడల్పుగా ఉండే మామూలు ట్యాపే నయం.

ఎక్కువ ప్రెజర్ కూడా మంచిది కాదండోయ్. 5 బార్ దాటితే మెయిన్ లైన్‌లో ప్రెజర్ తగ్గించే వాల్వ్ పెట్టించండి. లేకపోతే ట్యాప్ పిడి టక్కున మూసినప్పుడల్లా పైపులు ధడ్‌మంటాయి, వాషర్లు త్వరగా పోతాయి.

ఆగండి, షాపుకి బయలుదేరే ముందు ఒక్క పని. మీ పాత ట్యాప్ మూతి దగ్గర చిన్న జాలీ ఉంటే విప్పి చూడండి. ఇసుక, సున్నం పట్టి ఉంటే కడిగి మళ్లీ బిగించండి. దాంతోనే ధార బాగుపడితే కొత్త ట్యాప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.