మై లాయ్ మీద ఎగిరిన పైలట్: హ్యూ థాంప్సన్‌ని తలచుకుంటూ

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో మనం ఒక మిలిటరీ హెలికాప్టర్ పైలట్‌ని తలచుకుంటున్నాం. పేరు హ్యూ థాంప్సన్ జూనియర్. అమెరికా సైన్యంలో మేజర్‌గా రిటైరయ్యారు. 2006 జనవరి 6న, 62 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో పోయారు. ఆయన గురించి మాట్లాడటానికి మన దగ్గరికి వచ్చినవారు కూడా హెలికాప్టర్ మనిషే. హైదరాబాద్ పక్కన హకీంపేటలో నేర్చుకుని, తర్వాత కుర్రాళ్లకు నేర్పినవారు. తన పేరు వద్దన్నారు కాబట్టి సార్ అనే పిలుస్తాను. నమస్కారం సార్.

అతిథి: నమస్కారమమ్మా.

హోస్ట్: ముందు ఆ రోజు సంగతి చెప్పండి సార్. కొత్తగా వింటున్నవాళ్లు కూడా ఉంటారు.

అతిథి: 1968 మార్చి 16. వియత్నాం యుద్ధం మంచి ఊపు మీద ఉంది. క్వాంగ్ ఎన్‌గాయ్ ప్రాంతంలో సోన్ మీ అనే ఊరు. మన పంచాయతీల కింద శివారు పల్లెలు ఉన్నట్టే దాని కింద కొన్ని పల్లెలు. అందులో ఒకటి మై లాయ్. తెల్లవారాక చార్లీ కంపెనీ అనే అమెరికన్ దళం హెలికాప్టర్లలో దిగింది. అక్కడ శత్రువులు ఉంటారని వాళ్లకు చెప్పి పంపారు. తీరా చూస్తే ఉన్నది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. వాళ్ల వైపు నుంచి కాల్పుల్లేవు. అయినా వీళ్లు ఆపలేదు. ఇళ్లలోంచి లాక్కొచ్చి, గుంపులుగా నిలబెట్టి కాల్చారు. అమెరికా సైన్యం లెక్క ప్రకారం 347 మంది, వియత్నాం వాళ్ల లెక్క ప్రకారం 504 మంది చనిపోయారు.

హోస్ట్: ఆ సమయంలో థాంప్సన్ పైన ఎగురుతున్నారు.

అతిథి: అవును. ఇంకో నెలకు 25 నిండుతాయి. వారంట్ ఆఫీసర్. ఆయన నడిపింది ఓహెచ్-23 అనే చిన్న హెలికాప్టర్. ముందంతా గాజు బుడగలా ఉంటుంది, ముగ్గురే పడతారు. పక్కన గ్లెన్ ఆండ్రియోటా, క్రూ చీఫ్, 20 ఏళ్లవాడు. మెషీన్ గన్ దగ్గర లారీ కోల్‌బర్న్, 18 ఏళ్లు. వీళ్ల పని ఏంటంటే, చెట్ల మీదుగా కిందికి ఎగురుతూ శత్రువు ఎక్కడున్నాడో పట్టుకోవడం. ఒక్కోసారి శత్రువు మన మీద కాలిస్తేనే వాడెక్కడున్నాడో తెలుస్తుంది. వెనక పైన గన్‌షిప్‌లు, అంటే తుపాకులు బిగించిన పెద్ద హెలికాప్టర్లు, కాపు కాస్తుంటాయి. అంత కిందికి ఎగిరేవాడికి నేల మీద మనుషుల ముఖాలు కనిపిస్తాయమ్మా. ఇది నాకు తెలుసు. వెయ్యి అడుగుల పైనుంచి చూస్తే చుక్కలే. 20, 30 అడుగుల మీంచి చూస్తే ఎవరు నవ్వుతున్నారో, ఎవరు భయపడుతున్నారో తెలిసిపోతుంది. ఆ ఎత్తు వల్లే ఆయనకు జరిగేది అర్థమైందని నా నమ్మకం.

హోస్ట్: మొదట ఏం చూశారు?

అతిథి: గాయపడ్డవాళ్లు పొలాల్లో పడి ఉన్నారు. వైద్యం అందాలని వాళ్ల దగ్గర ఆకుపచ్చ పొగ వదిలి గుర్తు పెట్టాడు. కింద ఉన్నవాళ్లు చూసి వచ్చి సాయం చేస్తారనుకున్నాడు. ఇంధనం నింపుకుని తిరిగి వచ్చేసరికి ఆ గాయపడ్డవాళ్లు చనిపోయి ఉన్నారు. ఒక గాయపడ్డ ఆడమనిషి దగ్గరికి ఆ కంపెనీ కెప్టెన్ మెడీనా వెళ్లి, కాలితో కదిపి కాల్చడం ముగ్గురూ కళ్లారా చూశారు. అప్పటిదాకా ఏదో ఒక కారణం ఉంటుందని మనసుకు చెప్పుకున్నాడట. ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత కాలువ. పొలాలకు నీళ్లు పారే కాలువ నిండా శవాలు, మధ్యలో ఇంకా కదులుతున్నవాళ్లు. హెలికాప్టర్ దించాడు. అక్కడున్న సార్జెంట్‌ని అడిగాడు, వీళ్లకు సాయం చేయలేమా అని. వాళ్ల బాధ తీర్చడమే మేం చేయగల సాయం అన్నాడు ఆ సార్జెంట్. అంతలో లెఫ్టినెంట్ క్యాలీ వచ్చాడు. ఇక్కడ ఇన్‌చార్జి నేను, నీ పని నువ్వు చూసుకో అన్నట్టు మాట్లాడాడు. థాంప్సన్ పైకి లేచీ లేవకముందే ఆ సార్జెంట్ కాలువలోకి కాల్చడం ఆండ్రియోటా చూసి చెప్పాడు.

హోస్ట్: చాలామందికి తెలిసిన ఘట్టం ఆ తర్వాతదే కదా సార్.

అతిథి: అవును. కొంతమంది పల్లెవాళ్లు పరుగెత్తుకుంటూ మట్టి బంకర్‌లోకి దూరుతున్నారు. వెనక సైనికులు వస్తున్నారు. థాంప్సన్ సరిగ్గా మధ్యలో హెలికాప్టర్ దించాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. గాల్లో ఉన్నంతసేపే హెలికాప్టర్‌కి రక్షణ. నేల మీద ఆగిన హెలికాప్టర్ అంటే కూర్చున్న పక్షి, ఎవరైనా కొట్టొచ్చు. పైగా ఆయన దిగింది సొంత సైన్యం తుపాకుల ముందు. దిగుతూ తన ఇద్దరికీ చెప్పాడు: వీళ్లు ఆ జనం మీదగానీ నా మీదగానీ కాలిస్తే, మీరు వీళ్ల మీద కాల్చండి అని.

హోస్ట్: ఇద్దరూ సరే అన్నారు.

అతిథి: అన్నారు. తర్వాత థాంప్సన్ వెళ్లి ఆ వస్తున్న సైనికుల లెఫ్టినెంట్‌ని అడిగాడు, బంకర్‌లో ఉన్నవాళ్లను బయటికి తీద్దాం, సాయం చెయ్యి అని. గ్రెనేడ్ వేస్తే వస్తారు అన్నాడతను. అంతకంటే మంచి పద్ధతి నా దగ్గర ఉంది, నీ వాళ్లను కదలకుండా ఉంచు అని చెప్పి, ఈయనే బంకర్ దగ్గరికి నడిచి వెళ్లాడు. సైగలతో పిలిచాడు. ఒక్కొక్కరే బయటికి వచ్చారు. పదిమంది దాకా.

ఇప్పుడు వాళ్లను ఎక్కడ పెట్టాలి? తన హెలికాప్టర్‌లో ముగ్గురికి మించి పట్టరు. రేడియోలో గన్‌షిప్ పైలట్లను పిలిచాడు. వాళ్ల పేర్లు కూడా చెప్పుకోవాలి, డాన్ మిలియన్స్, బ్రయాన్ లివింగ్‌స్టన్. గన్‌షిప్ ఉన్నది కాల్చడానికి. యుద్ధం జరిగే చోట దాన్ని నేలకు దించి, పల్లెజనాన్ని ఎక్కించుకుని పోవడమనేది ఎవరూ చేయని పని. అయినా స్నేహితుడు అడిగాడని దిగారు. రెండు విడతల్లో అందర్నీ దాటించారు. అంతసేపూ థాంప్సన్ ఆ జనానికీ సైనికులకీ మధ్యనే నిలబడ్డాడు.

హోస్ట్: తర్వాత మళ్లీ కాలువ దగ్గరికి వెళ్లారు.

అతిథి: ఆండ్రియోటా అక్కడ ఏదో కదిలిందన్నాడు. దించగానే దూకి కాలువలోకి దిగిపోయాడు. నడుముదాకా శవాలమ్మా. వాటి మధ్యలోంచి ఒక చిన్న పిల్లవాడిని పైకి తీశాడు. ఒళ్లంతా రక్తం, కానీ గాయం పెద్దగా లేదు. కోల్‌బర్న్ ఆ పిల్లవాడి చొక్కా వెనకపట్టు పట్టి అందుకున్నాడు. ఆ పిల్లవాడిని క్వాంగ్ ఎన్‌గాయ్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. తనకు ఇంటి దగ్గర దాదాపు అదే వయసు కొడుకు ఉన్నాడని థాంప్సన్ తర్వాత చెప్పాడు.

బేస్‌కి వచ్చాక హెల్మెట్ తీసి కొట్టినంత కోపంతో పై అధికారులకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ మాట పైకి వెళ్లింది, కాల్పులు ఆపమని ఆర్డర్ కిందికి వచ్చింది. ఆయన చెప్పకపోయి ఉంటే చుట్టుపక్కల పల్లెల సంగతి ఏమయ్యేదో ఆలోచించు.

హోస్ట్: సార్, ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. మీరు మాత్రం ఫోన్‌లో నాతో, ఆయన్ని ఇన్‌స్ట్రక్టర్‌గా గుర్తు పెట్టుకోవాలి అన్నారు. ఎందుకు?

అతిథి: ఆ మరుసటి రోజుల్లో ఏం చేశాడో చూడు. అదే హెలికాప్టర్, అదే పని. మళ్లీ మళ్లీ ఎగిరాడు. ఎన్నోసార్లు తూటాలు తగిలాయి. చివరికి కూలిపోయి వెన్నెముక విరిగింది. జపాన్‌లో ఆసుపత్రికి పంపారు. ఆండ్రియోటా అయితే మై లాయ్ తర్వాత మూడు వారాలకే, ఏప్రిల్ 8న యుద్ధంలో చనిపోయాడు.

కోలుకున్నాక థాంప్సన్‌ని అలబామాలోని ఫోర్ట్ రకర్‌లో ఇన్‌స్ట్రక్టర్ పైలట్‌గా వేశారు. తను నేర్చుకున్న చోటే అది. అక్కడ రెక్కలు తొడుక్కునే కుర్రాళ్లలో చాలామంది నేరుగా వియత్నాం వెళ్లేవాళ్లే. వెన్ను విరిగి వచ్చిన మనిషి మళ్లీ అదే సీట్లో కూర్చుని, వెళ్లబోయేవాళ్లకు నేర్పడమంటే మామూలు సంగతి కాదు.

హోస్ట్: మామూలుగా ఇన్‌స్ట్రక్టర్ పని ఎలా ఉంటుంది సార్? మాకు తెలిసేలా చెప్పండి.

అతిథి: మొదట నేర్పేది హోవర్. నేలకు ఐదారు అడుగుల ఎత్తులో కదలకుండా నిలబెట్టడం. ఎడమచేతిలో కలెక్టివ్, అది పైకి కిందికి. కుడిచేతిలో సైక్లిక్, అది ఏ దిక్కుకి వంగాలో చెబుతుంది. కాళ్ల కింద పెడల్స్, తోకను అదుపు చేయడానికి. ఒకటి కదిపితే మిగతా రెండూ సర్దాలి. కొత్త కుర్రాడు భయంతో సైక్లిక్‌ని గట్టిగా పట్టుకుంటాడు. హెలికాప్టర్ కుడికి జారితే ఎడమకి లాగేస్తాడు, అది ఇంకా ఎక్కువ ఎడమకి పోతుంది. ఇన్‌స్ట్రక్టర్ చేతులు కంట్రోల్స్‌కి అంగుళం దూరంలో ఉంటాయి, కానీ ముట్టుకోవు. ముట్టుకుంటే కుర్రాడు నేర్చుకోడు. ముట్టుకోవాల్సిన క్షణంలో ముట్టుకోకపోతే ఇద్దరూ పోతారు. ఆ క్షణం ఎప్పుడో తెలుసుకోవడమే మా పనంతా. అప్పుడు గట్టిగా ‘ఐ హ్యావ్ కంట్రోల్స్’ అని చెప్పి తీసుకుంటాం. చెప్పాక ఇంక వెనక్కి చూడం.

మార్చి 16న ఆయన చేసింది అదేనని నాకు అనిపిస్తుంది. ఆ లెఫ్టినెంట్ ర్యాంకులో ఆయన కంటే పై అధికారి. అయినా నేల మీద ఎవరి చేతుల్లోనూ అదుపు లేదని ఈయనకు అర్థమైంది, తీసుకున్నాడు.

హోస్ట్: కానీ ఆయనకు వెంటనే గౌరవం రాలేదు.

అతిథి: వచ్చింది, అబద్ధంగా వచ్చింది. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఇచ్చారు. అందులో, రెండు వైపుల కాల్పుల మధ్య చిక్కుకున్న పిల్లవాడిని కాపాడినందుకు అని రాశారు. రెండో వైపు కాల్పులు ఎక్కడున్నాయి? థాంప్సన్ దాన్ని పారేశాడు. నోరు మూయించడానికి ఇచ్చిన పతకం అని ఆయనకు తెలుసు.

1969లో విషయం బయటపడింది. రాన్ రైడన్‌అవర్ అనే మాజీ సైనికుడు ఉత్తరాలు రాశాడు, తర్వాత సీమోర్ హెర్ష్ పత్రికలకు ఎక్కించాడు. థాంప్సన్‌ని వాషింగ్టన్‌కి పిలిచారు, వరుసలో నిలబెట్టిన వాళ్లలోంచి క్యాలీని గుర్తుపట్టాడు. కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. ఆ కమిటీ ఛైర్మన్ మెండెల్ రివర్స్, ఈ కేసులో ఎవరినైనా శిక్షించాలంటే సొంత సైన్యం మీద తుపాకులు ఎక్కుపెట్టించిన థాంప్సన్‌నే శిక్షించాలి అనేవాడు. ఇంటికి చంపుతామని ఫోన్లు. పొద్దున తలుపు తీస్తే వాకిట్లో ముక్కలు చేసిన జంతువులు. ఆఫీసర్స్ క్లబ్‌లోకి ఈయన వస్తే మిగతావాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు.

హోస్ట్: తోటి ఆఫీసర్లే!

అతిథి: ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుందమ్మా. చంపుతామని ఫోన్ చేసేవాడు ఎవడో తెలియదు. పక్క టేబుల్ దగ్గర నుంచి లేచి పోయేవాడు రేపు పొద్దున బ్రీఫింగ్‌లో పక్కన కూర్చుంటాడు. చివరికి ఇరవై ఆరు మంది మీద కేసులు పెడితే శిక్ష పడింది క్యాలీ ఒక్కడికే. యావజ్జీవం అన్నారు, మూడున్నరేళ్లు గృహనిర్బంధంలో ఉండి బయటికొచ్చాడు. థాంప్సన్ మాత్రం సైన్యం వదల్లేదు. 1983లో రిటైరై, లూసియానాలో సముద్రంలోని చమురు బావుల దగ్గరికి హెలికాప్టర్ నడిపాడు. తర్వాత మాజీ సైనికులకు కౌన్సెలర్‌గా పనిచేశాడు.

హోస్ట్: అసలు గౌరవం 30 ఏళ్లకు వచ్చింది.

అతిథి: డేవిడ్ ఈగన్ అనే ప్రొఫెసర్ టీవీ డాక్యుమెంటరీలో ఈయన్ని చూసి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాడు. సోల్జర్స్ మెడల్ ఇస్తామన్నారు, అదీ చడీచప్పుడు లేకుండా. థాంప్సన్ కుదరదన్నాడు. నా ఇద్దరికీ ఇవ్వాలి, వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకం దగ్గర అందరి ముందూ ఇవ్వాలి అన్నాడు. 1998 మార్చి 6న అలాగే ఇచ్చారు. ఆండ్రియోటా పేరు ఆ స్మారకం గోడ మీదే చెక్కి ఉంది.

అదే నెలలో థాంప్సన్, కోల్‌బర్న్ ఇద్దరూ సోన్ మీ వెళ్లారు. ఆ రోజు బతికిన ఒక ఆవిడ అడిగిందట, ఆ పని చేసినవాళ్లు మీతో ఎందుకు రాలేదు అని. ఈయనకు ప్రాణం చచ్చిపోయింది. ఆవిడ మాట పూర్తి చేసింది: వస్తే వాళ్లను క్షమించేవాళ్లం కదా అని. అంత పెద్దమనసు నాకు లేదు అని థాంప్సన్ నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఈ ఒక్క మాటకు ఆయన మీద నాకు ప్రేమ ఇంకా పెరిగింది. మహాత్ముడిలా మాట్లాడలేదు, ఉన్నది చెప్పాడు.

హోస్ట్: ఆ తర్వాత మళ్లీ పాఠాలు చెప్పారు, ఈసారి క్లాసుల్లో.

అతిథి: అదే నేను అనేది. వెస్ట్ పాయింట్, నేవల్ అకాడమీ, ఇంకా ఎన్నో చోట్ల కేడెట్ల ముందు నిలబడి ఇదంతా చెప్పాడు. సైన్యం నాయకత్వ మాన్యువల్‌లో ఆయన పేరుతో ఉదాహరణ వచ్చింది. ఒకప్పుడు ఎవరినైతే శిక్షించాలన్నారో ఆయన చేసిన పనినే ఇప్పుడు ఆఫీసర్లకు పాఠంగా చెబుతున్నారు. జబ్బుపడి పోయే ముందు రోజుల్లో కోల్‌బర్న్ అట్లాంటా నుంచి వచ్చి మంచం పక్కనే ఉన్నాడు. అంత్యక్రియలు లఫాయెట్‌లో సైనిక లాంఛనాలతో జరిగాయి. కోల్‌బర్న్ 2016 డిసెంబర్‌లో పోయాడు.

హోస్ట్: మీరు మీ స్టూడెంట్స్‌కి ఈ కథ చెప్పేవారా సార్?

అతిథి: చెప్పేవాడిని, కానీ మొదట్లో కాదు. మొదట హోవర్ రావాలి. సోలో అయ్యాక, అంటే ఒంటరిగా నడిపాక, కాస్త ధీమా వచ్చాక చెప్పేవాడిని. చెప్పి ఒక ప్రశ్న అడిగేవాడిని: ఆయన జనాన్ని తన హెలికాప్టర్‌లో ఎక్కించుకోలేడు, ముగ్గురికే చోటు. నువ్వైతే రేడియోలో ఎవర్ని పిలుస్తావ్? వాళ్లు వస్తారా? చాలామంది కుర్రాళ్లు చాలాసేపు ఆలోచించేవాళ్లు. ఒకడు మాత్రం వెంటనే తన కోర్స్‌మేట్ పేరు చెప్పాడు. వాడు తప్పకుండా వస్తాడు సార్ అన్నాడు.

హోస్ట్: చాలా థాంక్స్ సార్, ఇంత దూరం వచ్చి ఓపిగ్గా చెప్పినందుకు. వింటున్నవాళ్లలో సైన్యంలో పనిచేసినవాళ్లు, మీకు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ గురించి చెప్పాలనుకుంటే వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.