పాత లారీ ఆయిల్ ప్రెషర్ మీటర్ పైపు కిట్ రివ్యూ: రాగి మస్తుంది, ఫెర్రుల్ కాడనే పిసినారితనం

నమస్తే అన్నలూ. ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌ను క్యాబిన్‌ల మీటర్ దాక చేర్చే పైపు కిట్ ఇది. ఫెర్రుల్ అంటే నట్టు కింద పైపును పట్టుకునే చిన్న రింగు. కిట్‌ల ఏమేమున్నయో డబ్బా మీద రాసి ఉంది, అది మళ్ల చదవను. కంపెనీ దీన్ని రివ్యూ కోసం ఊరికే పంపింది, రివ్యూ చేసినందుకు నేను పైసలు మాత్రం తీసుకోలె. పాత బెడ్‌ఫోర్డ్, పాత టాటా బెంజ్ ఉన్నోళ్ల కోసం ఈ వీడియో.

ముందు నచ్చింది. ఈ 1/8 అంగుళం రాగి పైపు మెత్తగుంది, చేత్తోనే వంగుతది. ఆ మెత్తదనం ఎందుకంటే, ఇంజన్ దాని రబ్బర్ మౌంట్ల మీద ఒకలెక్క ఊగుతది, క్యాబిన్ ఇంకొకలెక్క. నడిమిట్ల పైపును టైట్‌గా గుంజి కడితే ఆ అదురుకు రాగి గట్టిపడి, సరిగ్గా నట్టు అంచు కాడ వెంట్రుకంత పగులు వస్తది. ములుగు రోడ్డు మీద లోడుతోని తిరిగే బండికి చెప్పే పనే లేదు. అందుకే ఇంజన్ దిక్కు రెండంగుళాల మందం ఉన్న వేరే పైపు ముక్క చుట్టూ దీన్ని తిప్పి, రెండు మూడు చుట్ల స్ప్రింగు లెక్క చెయ్యాలె. ఈ పైపు పొడుగు అందుకు సరిపోతది. కొన్ని కిట్లల్ల ప్లాస్టిక్ నైలాన్ పైపు ఇస్తరు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కకు పోతే అది మెత్తబడి ఊడుతది, వేడి ఆయిల్ క్యాబిన్‌ల చిమ్ముతది. పాత ఇంజన్‌కు నాకు రాగే కావాలె.

పైపును రంపపు బ్లేడుతోని కొయ్యకుండ్రి. మూతి నలిగి సందు మూసుకపోతది, రాగి పొడి మీటర్‌ల చేరుతది. చిన్న ట్యూబ్ కట్టర్‌తోని కోసి, లోపలి అంచు గీకి, గాలి ఊది తుడవాలె. పైపుకు ముందు నట్టు, దాని తర్వాత ఫెర్రుల్ ఎక్కించి, పైపును అడాప్టర్ (పైపును ఇంజన్ బ్లాక్‌కు కలిపే ముక్క) లోపల అడుగు తాకేదాక నెట్టి పట్టుకొని, చేత్తోని నట్టు బిగించాలె. ఆ తర్వాత పానాతోని ఒకటింబావు చుట్టు. అంతకంటే ఎక్కువ బిగిస్తే ఫెర్రుల్ పైపును నులిమేస్తది. ఇంకో పానా అడాప్టర్ మీద పెట్టి ఆపకుంటే అది కూడా తిరుగుతది.

ఇగ కోపం తెచ్చింది. ఫెర్రుల్స్ సరిగ్గా రెండే ఇచ్చిన్రు! ఫెర్రుల్ అంటే ఒక్కసారి బిగిస్తే పైపును కరుచుకుంటది, పైపు కోత తేడా వచ్చిందంటే మళ్ల పనికిరాదు. పైపు మొత్తం కొత్తది పెట్టి, ఫెర్రుల్ మాత్రం పాతది పెడితే ఆయిల్ చెమర్చుడు ఆగదు. ఆటోనగర్‌ల విడిగా దొరికే సామానే, డబ్బాల ఇంకో నాలుగు ఫెర్రుల్స్ వేస్తే ఏం పోయింది? పైగా టెఫ్లాన్ టేపు పెద్ద చుట్ట ఇచ్చిన్రు. ఫెర్రుల్‌ను నొక్కి పట్టే కంప్రెషన్ నట్టుకు టేపే అవసరం లేదు. ఇంజన్ బ్లాక్ దిక్కు, కొనకు సన్నబడే టేపర్ థ్రెడ్‌కు మాత్రం మొదటి రెండు థ్రెడ్లు వదిలి చుట్టాలె, లేకుంటే ఆ ముక్కలు సన్న సందుల ఇరుక్కుంటయి.

అడాప్టర్ల సంగతి. బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు థ్రెడ్), ఎన్‌పీటీ (అమెరికన్ పైపు థ్రెడ్) రెండూ ఇచ్చుడు బాగుంది. 1/8 బీఎస్‌పీకి అంగుళానికి 28 థ్రెడ్లు, ఎన్‌పీటీకి 27. చూపుకు ఒకటే, ఒకదాంట్ల ఇంకోటి పెడితే రెండు మూడు చుట్లు సాఫీగా ఎక్కి తర్వాత పట్టేస్తది. అక్కడ బలవంతం చేస్తే బ్లాక్‌ల థ్రెడ్ పోతది, అందుకే పిచ్ గేజ్ (థ్రెడ్లు కొలిచే పనిముట్టు) పెట్టి చూసినంకనే ఎక్కించుండ్రి. జర్మన్ డిజైన్ బెంజ్ బండ్లకు మెట్రిక్ థ్రెడ్ (మిల్లీమీటర్ల కొలత) వస్తది, ఈ కిట్‌ల అది లేదు. అడాప్టర్ లోపలి సన్న రంధ్రం బాగా పెట్టిన్రు, పైపు పగిలినా ఆయిల్ మెల్లగ పోతది, సూది వణుకుడు కూడా తగ్గుతది.

పైపును స్టార్టర్ టెర్మినల్‌కు దూరంగా పెట్టుండ్రి, తాకిందంటే షార్ట్ అయ్యి రాగి కాలుతది. ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, క్యాబిన్‌కు నడిమి రేకు) రంధ్రంల రబ్బర్ గ్రోమెట్ (రంధ్రం అంచుకు పెట్టే రబ్బర్ రింగు) లేకుంటే రేకు అంచు పైపును కోస్తది. పైపుల గాలి ఉందని భయపడకుండ్రి, రీడింగ్ తప్పు కాదు.

నా మాటైతే తీసుకోవచ్చు, రాగి కోసమే. కాకపోతే ఫెర్రుల్స్ నాలుగు ముందే కొని పెట్టుకోండి. ఇంజన్ వేడెక్కినంక తెల్ల కాయితం జాయింట్ల చుట్టూ తిప్పండి, మరక పడితే ఇంజన్ ఆపి, ఆ నట్టును ఇంకో ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే బిగించుండ్రి.