హనుమకొండ నుంచి రామప్ప, లక్నవరం, పాకాల: పల్లె బాటల సైకిల్ మార్గానికి ఏ పటం ఎంత పనికొస్తుంది?

నమస్కారం. హనుమకొండలో బయలుదేరి పాండవుల గుట్టలు, గణపురం కోటగుళ్ళు, రామప్ప, లక్నవరం, పాకాల చూసుకుంటూ మూడు రోజుల్లో తిరిగి వరంగల్ చేరే సైకిల్ మార్గాన్ని, జాతీయ రహదారులకు వీలైనంత దూరంగా, పల్లె రోడ్లు, చెరువు కట్టలు, బండ్ల బాటలు కలుపుకుంటూ ఎలా కూర్చుకోవాలి? అందుకు మనకు దొరికే పటాలలో, యాప్‌లలో దేనిని ఎంతవరకు నమ్మాలి? ఈ వీడియోలో ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెబుతాను. నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను. ఉత్తర తెలంగాణలో సైకిల్ దారిని మొదట నిర్ణయించేది నీరు, తర్వాత నేల, ఆ తర్వాతే దూరం. ఈ వరుసలో ఆలోచించే యాప్ ఏదీ లేదు కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి.

రహదారి మీదుగా వెళ్తే సమస్యే లేదు. హనుమకొండ నుంచి ములుగు మీదుగా రామప్పకు సుమారు 70 కిలోమీటర్లు. ఏటూరునాగారం వైపు వెళ్ళే 163వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే ఏ పటమూ అక్కరలేదు. కానీ ఆ దారిలో బస్సులు, లారీలు తప్ప మరేమీ చూడలేం. పరకాల నుంచి భూపాలపల్లి వైపు వెళ్ళే రహదారి అయితే సింగరేణి గనులు, చెల్పూరు విద్యుత్ కేంద్రం కారణంగా భారీ వాహనాలతో నిండి ఉంటుంది. అక్కడ రోడ్డు అంచున సైకిల్ తొక్కమని ఎవరికీ సలహా ఇవ్వను. పల్లె దారుల అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ముందుగా అందరి ఫోన్లలో ఉండే గూగుల్ మ్యాప్స్ సంగతి చూద్దాం. ఇందులో మన దేశం కోసం 2017లో ప్రవేశపెట్టిన ద్విచక్ర వాహన మార్గసూచన ఉంది. అయితే అది మోటారు సైకిళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసినది. ఇంజను ఉన్న బండికి రెండు కిలోమీటర్ల ఇసుక దారి చిన్న ఇబ్బంది అయితే, సామానుతో ఉన్న సైకిలుకు అది దిగి నడవవలసిన దారి. అందువల్ల దారి చెప్పడానికి కాక, ఉపగ్రహ చిత్రం చూడటానికి, ఊళ్ళో హోటలు, పంక్చరు దుకాణం ఎక్కడున్నాయో వెతకడానికి దీనిని వాడటం మేలు. ఆ రెండు పనులకూ ఇది చాలా బాగుంటుంది.

రెండవది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైన ఈ పటాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛందంగా జనమే గీస్తున్నారు. ఆస్మాండ్, బీరౌటర్ వంటి యాప్‌లు దీని మీదే నడుస్తాయి, ముందే దింపుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తాయి. తాడ్వాయి అడవి వైపు వెళ్ళేవారికి ఈ ఒక్క గుణం చాలు. దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చినది మట్టి బాటలకు ఇచ్చే శ్రేణి. గట్టి ఉపరితలం ఉన్న బాటకు ఒకటో శ్రేణి, పూర్తిగా మెత్తని నేలకు ఐదో శ్రేణి ఇస్తారు. రోడ్డు తారుదా, సిమెంటుదా, మొరందా అని విడిగా కూడా నమోదు చేయవచ్చు. అయితే మన జిల్లాల్లో చాలా బాటలకు ఈ వివరం ఎవరూ చేర్చలేదు. వివరం లేని చోట యాప్ తనకు తోచిన ఊహతో దారి చూపుతుంది. కాబట్టి మార్గం గీసిన తర్వాత ప్రతి మట్టి బాట ముక్కను నొక్కి, దాని వివరాలు నిజంగా ఉన్నాయో లేవో చూసుకోవలసిందే.

మూడవది సైకిల్ తొక్కేవారు పెద్దగా పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది: సర్వే ఆఫ్ ఇండియా వారి ఓపెన్ సిరీస్ పటం. ఇది 1:50,000 కొలతలో ఉంటుంది, అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. కొత్త రోడ్లు ఇందులో ఉండకపోవచ్చు. కానీ చెరువులు, వాగులు, గుట్టలు ఎక్కడికీ పోవు కదా! ఏడాది పొడవునా నీరుండే ప్రవాహాన్ని నీలం రంగులోనూ, ఎండిపోయే వాగును నలుపులోనూ చూపిస్తారు. బండ్ల బాటకు ఒక గుర్తు, కాలిబాటకు ఇంకొక గుర్తు ఉంటాయి. యాప్‌లో గీసిన మార్గాన్ని ఈ పటం పక్కన పెట్టుకుని, మన దారి ఎక్కడెక్కడ ఏ వాగును దాటుతుందో ఒక కాగితం మీద రాసుకుంటే సగం ప్రణాళిక పూర్తయినట్లే.

నీటి గురించి ఇంత పట్టుపట్టడానికి కారణం మన ఊళ్ళ నిర్మాణంలోనే ఉంది. కాకతీయుల కాలం నుంచీ ఈ ప్రాంతంలో ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి, అంటే మిగులు నీరు పొర్లిపోయే అలుగు, దుంకి కింది చెరువుకు నీరు చేరుతుంది. ఊరు చెరువు పక్కన ఉంటుంది, ఊరి నుంచి ఊరికి వెళ్ళే పాత బాట చాలాచోట్ల చెరువు కట్ట మీదుగానో, మత్తడి కింది నుంచో సాగుతుంది. కట్ట మీది దారి ఎత్తున ఉంటుంది, చెట్టు నీడ ఉంటుంది, ఒకవైపు నీళ్ళు, మరొకవైపు పొలాలు. సైకిల్ తొక్కడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. కానీ అదే దారి మత్తడి దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా కిందికి దిగి నీటిలోంచి పోతుంది. వానకాలంలో ఆ కొన్ని మీటర్లు దాటలేక 20 కిలోమీటర్లు చుట్టు తిరగవలసి రావచ్చు.

ఆ చోటును ముందే ఎలా కనిపెట్టాలో ఇప్పుడు తెర మీద దగ్గరగా చూపిస్తాను. ఉపగ్రహ చిత్రంలో ఈ రోడ్డును గమనించండి. తారు రోడ్డు ముదురు బూడిద రంగులో వస్తూ, ఇక్కడ కొద్ది దూరం మాత్రం తెల్లబారి, మళ్ళీ ముదురు రంగుకు మారింది. ఆ తెల్లని ముక్క సిమెంటు. నీరు రోడ్డు మీదుగా పారే చోట తారు నిలవదు కాబట్టి అక్కడ సిమెంటు వేస్తారు. దానికి ఒక పక్కన, చుట్టూ పొలాలు ఎండిపోయి ఉన్నా, సన్నని పచ్చని చార కిందికి సాగిపోవడం కనిపిస్తుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే అది లోలెవల్ వంతెన అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. మార్గం పొడవునా ఇలాంటి చోట్లు గుర్తించి, ప్రతి దానికీ ఒక ప్రత్యామ్నాయ దారిని ముందే గీసి పెట్టుకోండి.

పటం పాతబడటం గురించి ఒక మాట. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రామప్ప గుడి ఉన్న పాలంపేట కూడా ఆ మండలంలోనిదే. అదే వానకు మోరంచవాగు పొంగి భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు మునిగింది. అంతటి వరద తర్వాత కల్వర్టులు, మట్టి బాటలు మునుపటిలాగే ఉంటాయనుకోవడం పొరపాటు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు నేలకూలాయి. కనుక ఉపగ్రహ చిత్రం ఏ తేదీదో చూసి, ఈ సంఘటనలకు ముందుదైతే దాని మీద ఆధారపడకండి.

ఇక నేల. ఎర్రని చెల్క నేల వాన వెలిసిన మరునాటికి గట్టిపడుతుంది. అందులో మొరం కలిసిన బాట సైకిలుకు హాయిగా ఉంటుంది. నల్లరేగడి అలా కాదు. తడిసిన రేగడి టైరుకు పొరలు పొరలుగా అంటుకుని, ఫోర్కుకూ చక్రానికీ మధ్య ఇరుక్కుని, చివరికి చక్రం తిరగడమే ఆగిపోతుంది. పుల్లతో గీకి తీసినా పది గజాలకు మళ్ళీ అదే పరిస్థితి. పత్తి చేలు విస్తారంగా ఉన్న చోట రేగడి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి చోట మబ్బు పట్టినా సరే, మట్టి బాట వదిలి తారు రోడ్డు ఎక్కమనే నా సలహా. మన అదృష్టం కొద్దీ ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లు చాలా ఊళ్ళను కలుపుతున్నాయి. సాధారణంగా 3.75 మీటర్ల వెడల్పు ఉండే ఆ ఒంటి వరస తారు రోడ్ల మీద వాహనాలు తక్కువ. ఈ మార్గానికి వెన్నెముక అవే. వాటి సమాచారం జియోసడక్ పేరుతో బహిరంగంగా అందుబాటులో ఉంది.

శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ గట్టు గురించి కూడా చెప్పాలి. పోచంపాడు నుంచి దిగువ మానేరు మీదుగా వరంగల్ వైపు వచ్చే 284 కిలోమీటర్ల కాలువ పటం మీద చూడగానే మనసు లాగుతుంది. కానీ గట్టు మీది దారి నీటిపారుదల శాఖ వారు పర్యవేక్షణ కోసం వేసుకున్నది. ఉపకాలువ చీలే చోట అది తెగిపోవచ్చు, అంచున అడ్డుగోడ ఉండదు, నీరు నిండుగా పారుతున్నప్పుడు నున్నని ఏటవాలు లైనింగు మీద కాలు జారితే పైకి ఎక్కడం కష్టం. ఒంటరిగానూ, చీకటిలోనూ ఆ గట్టు మీద తొక్కవద్దు.

టైర్ల విషయానికి వస్తే, కనీసం 40 మిల్లీమీటర్ల వెడల్పు, లోపల సీలెంటు (రంధ్రాలను పూడ్చే ద్రవం) పోసిన ట్యూబ్‌లెస్ అమరిక మంచిది. చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ ముళ్ళు, చేల గట్లలో పల్లేరు కాయలు ఉంటాయి. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే నిలబడి ఉంటుంది. దానిని టైరు నుంచి పీకేముందు చక్రాన్ని తిప్పి, ఆ రంధ్రం కింది వైపుకు వచ్చేలా ఉంచితే సీలెంటు అక్కడికి చేరి మూసుకుంటుంది. ఎత్తుపల్లాల గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. పాండవుల గుట్టల దగ్గర తప్ప ఈ మార్గం చాలావరకు సాఫీగానే ఉంటుంది.

ఏ కాలంలో వెళ్ళాలి? నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి వరకు. ఆ మొదటి వారాల్లో వానకాలం పంట కోతలు సాగుతూ, పల్లె రోడ్ల మీద సగం వెడల్పున వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంటారు. అది రైతు ఏడాది కష్టం. ఎదురుగా ట్రాక్టర్ వస్తే మనమే దిగి నిలబడాలి గానీ వడ్ల మీదుగా చక్రం పోనివ్వకూడదు. ఇలాంటి రోడ్ల మీద వేగం అనుకున్నదానికన్నా తగ్గుతుందని లెక్కలో వేసుకోండి. రెండేళ్ళకోసారి మాఘ మాసంలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర జరిగే రోజుల్లో మాత్రం ములుగు వైపు సైకిల్ ప్రయాణం పెట్టుకోవద్దు.

వేగం లెక్క ఇలా వేయండి: తారు రోడ్డు మీద గంటకు 18 కిలోమీటర్లు, మంచి మొరం బాట మీద 12, మెత్తని మట్టిలో 6. డిసెంబరులో సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి ఏ రోజైనా అయిదింటికి గూడు చేరేలా చూసుకోవాలి. ఈ లెక్కన మొదటి రోజు హసన్‌పర్తి, పరకాల, రేగొండ, గణపురం మీదుగా రామప్ప వరకు నూరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ వస్తుంది, తెల్లవారుతూనే బయలుదేరాలి. రామప్ప చెరువు దగ్గర పర్యాటక శాఖ వసతి ఉంది. 1213 నాటి గుడిని, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన శిల్పాన్ని చూడటానికి మరునాడు ఉదయం తీరికగా రెండు గంటలైనా కేటాయించండి.

రెండో రోజు జంగాలపల్లి, చల్వాయి, బుస్సాపూర్ మీదుగా లక్నవరం. ఇక్కడే చాలామంది పటం చూసి ఆశపడేది: లక్నవరం నుంచి పాకాల వరకు అడవిలోంచి నేరుగా సాగే సన్నని గీతలు. వాటి జోలికి పోవద్దు. ఏటూరునాగారం, పాకాల రెండూ వన్యప్రాణి అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోంచి పోయే ప్రజా రహదారి మీద ప్రయాణించవచ్చు గానీ, లోపలి బాటల్లోకి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. యాప్ దారి చూపించినంత మాత్రాన అది మనకు తెరిచిన దారి అయిపోదు.

అందుకని లక్నవరం చూసి సాయంత్రానికి ములుగుకు వచ్చి ఆగండి. మూడో రోజు మల్లంపల్లి దగ్గర రహదారి వదిలి, నల్లబెల్లి మీదుగా నర్సంపేటకు చేరి, సామాను అక్కడ ఎక్కడైనా భద్రపరిచి పాకాలకు వెళ్ళి రండి. లక్నవరంలోనే బస చేస్తే ఆ రోజు 130 కిలోమీటర్ల దాకా అవుతుంది, పాకాల చెరువు దగ్గర కూర్చునే సమయం మిగలదు. ములుగు నుంచి అయితే నూరుకు దగ్గరగా ముగుస్తుంది. నర్సంపేట నుంచి వరంగల్‌కు చివరి ఘట్టంలో బస్సుల రద్దీ ఉంటుంది. గీసుగొండ మండలంలో ఊళ్ళ మధ్య పోయే చిన్న రోడ్లు దానికి సమాంతరంగా ఉన్నాయి, కాబట్టి వెలుగు ఉంటే వాటిలోకి మళ్ళండి.

మార్గం పూర్తి చేసి వచ్చినవారికి ఒక విన్నపం. ఎక్కడ తారు ముగిసి మొరం మొదలైందో, ఏ మత్తడి కింద సిమెంటు ఉందో ఫోటోతో సహా గుర్తు పెట్టుకుని, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ బాటకు ఉపరితలం, శ్రేణి చేర్చండి. ఒక్కో బాటకు రెండు నిమిషాల పని. పరకాలకూ గణపురానికీ మధ్య ఉన్న బాటలతో మొదలుపెడితే మంచిది, వివరాలు అన్నిటికన్నా తక్కువగా కనిపించినది అక్కడే.