గోడ మీద చార

వేదిక మీది పెద్దలకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. పది నిమిషాలే ఇచ్చారు, నేరుగా విషయానికొస్తాను.

ఫ్రీడ్రిక్ అటాక్సియా. 1863లో హైడెల్‌బర్గ్ వైద్యుడు నికొలాస్ ఫ్రీడ్రిక్ వర్ణించిన, నడక తూలిపోయేలా చేసే నరాల జబ్బు. దానికి కారణమైన జన్యువు 1996లో దొరికింది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన రెండు ప్రతుల్లోనూ జీ-ఏ-ఏ అనే మూడక్షరాలు వందలసార్లు తిరగరాసి ఉంటే, ఫ్రటాక్సిన్ అనే ప్రోటీను చాలినంత తయారుకాదు. నాడీకణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతింటుంది.

ఇక ఎన్‌ఆర్‌ఎఫ్2. కణానికి ఇలాంటి కష్టం వస్తే కేంద్రకంలోకి వెళ్లి, కాపాడే జన్యువులను పనిలోకి దించే ప్రోటీను ఇది. మామూలు రోజుల్లో కీప్1 అనే ఇంకో ప్రోటీను దాన్ని పట్టుకుని ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంటుంది. ఒమావెలోక్సోలోన్ అనే మందు ఆ పట్టు సడలిస్తుంది.

మా తమ్ముడి సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. పదమూడో ఏట వాడి నడక తూలింది. గోడ పట్టుకుని నడిచేవాడు. మా వసారా సున్నం గోడ మీద వాడి భుజం ఎత్తున చేతి మరకల చార పడింది. చక్రాల కుర్చీలోకి వచ్చాక ఇంకో చార, కిందికి. ఊళ్లో "ఈ వయసుకే తాగుతున్నాడా" అన్నారు. ఒక డాక్టరు నరాల బలహీనతని రెండేళ్లు ఇంజెక్షన్లు పొడిచాడు. మేనరికం చేసుకున్నావు, అనుభవించమని మా అమ్మనన్నారు. తల్లులారా, వినండి. మేనరికంలో అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ తనలో ఏ ప్రతి ఉందో ఆమెకెలా తెలుస్తుంది? ఆమె తప్పు కాదు. మళ్లీ చెబుతున్నాను, ఆమె తప్పు కాదు.

మందు దగ్గర ఆగాను కదా. 2023 ఫిబ్రవరి 28న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 16 ఏళ్లు, ఆపైన వాళ్లకు అనుమతించింది. జబ్బు నయం కాదు. 48 వారాల ట్రయల్‌లో ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే జబ్బు తీవ్రతను కొలిచే స్కోరులో తేడా 2.4 పాయింట్లు, మందు వాడినవాళ్లకు మేలుగా. తన గ్లాసు తనే ఎత్తుకునే రోజులు నాలుగు పెరిగినా మా ఇంట్లో అది పండగే అయ్యేది. ధర మాత్రం ఏడాదికి 3,70,000 డాలర్లని ప్రకటించారు. మన లెక్కలో మూడు కోట్లు! ఏ తండ్రి పెట్టగలడు? ప్రభుత్వాలు బేరమాడాలి, మనం గొంతెత్తాలి.

అంతవరకూ ఒక్క పని చేయండి. తూలుతూ నడిచే పిల్లాడు కనబడితే తాగాడనకండి, న్యూరాలజిస్టుకు చూపించమనండి. జీ-ఏ-ఏ రిపీట్ పరీక్ష అని చీటీల మీద రాసి తలుపు పక్క బల్ల మీద పెట్టాను. తలా రెండు తీసుకెళ్లండి.